స్థానంవారి స్త్రీ పాత్రలు

ఆంధ్ర నాటకరంగమున పురుషులే స్త్రీ వేషములు ధరించిన కాలమొకటి కలదు. సురభి కుటుంబములవంటి కొన్ని సమాజములను మినహాయించినచో, గృహిణులు రంగమెక్కుట తప్పని ఆనాటి లోకము తలచినది. ఆ ఆచారమును మేము సమర్థింపబోము. కాని దాని నీడనే ఒక గొప్ప కళ పెరిగినదన్న సంగతిని మాత్రము మరువరాదు. అందుకు స్థానం నరసింహారావుగారి జీవితమే సాక్ష్యము.

తాడేపల్లి చెంత కృష్ణా కెనాల్ జంక్షనువద్ద రైలుదారి రెండుగా చీలును. ఒకటి గుంటూరునకు, రెండవది తెనాలి మీదుగా బాపట్లకు పోవును. ఈ రెండవ దారిలోని రెండు ఊళ్లే స్థానంవారిని నటుని చేసినవి. 1902 సెప్టెంబరు 23న వారు బాపట్లలో జన్మించినారు. 1920లో ఆ ఊరనే హరిశ్చంద్ర నాటకమునాడు చంద్రమతి వేషధారి రాకపోగా, ఆ వేషము వీరు కట్టవలసి వచ్చినది. ఒకనాటి అవసరము జీవితవృత్తిగా మారినది. పిమ్మట తెనాలి శ్రీరామ విలాస సభలో మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావుగార్లవంటి ఉద్దండుల సరసన వారి కళ పండినది.

చీరకట్టు, సన్నని గొంతు ఉన్నంతమాత్రమున స్త్రీ పాత్ర నిలువదు. చంద్రమతి ఓర్పు వేరు, సారంగధరలోని చిత్రాంగి మోహావేశము వేరు. దేవదేవి వలపు వేరు, కన్యాశుల్కములోని మధురవాణి చతురత వేరు. స్థానంవారు "ఆడుతన"మనెడి ఒకే మూసలో వీరిని పోయలేదు. ఏ స్త్రీ నడక ఆ స్త్రీదే, ఏ స్త్రీ చూపు ఆ స్త్రీదే. వారి గొప్పతనమంతయు ఇందే కలదని మా అభిప్రాయము.

ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారములో సత్యభామ వారికి శాశ్వతకీర్తి తెచ్చినది. భర్త తన మాట దాటడన్న ఆమె ధీమాను తెలుపుటకు "మీరజాలగలడా" అను పాటను వారే రచించుకొని, పదపదమునకు అభినయము పట్టినారు. 1966లో ఆ నాటకము చలనచిత్రమైనప్పుడు అదే పాటను సుశీలగారు పాడినారు. రేడియోగల ఇండ్లలో ఆ పాట వినని వారరుదు. కాని అది ఒక నటుని రచన యని ఎరిగినవారు కొందరే.

ఇట్టి కళ మనకే పరిమితము కాదు. మహారాష్ట్రమున బాలగంధర్వ, గుర్జరదేశమున జయశంకర్ సుందరి, చీనాలో మెయ్ లాన్‌ఫాంగ్ ఇట్లే ప్రఖ్యాతులైనారు.

1956లో పద్మశ్రీ, 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారము స్థానంవారిని వరించినవి. తమ అనుభవములను "నటస్థానము" అను గ్రంథముగా వెలయించి, 1971 ఫిబ్రవరి 21న కన్నుమూసినారు.

స్త్రీలు తమ పాత్రలను తామే ధరించు కాలము వచ్చుట న్యాయమే, శుభమే. అయినను పరుల హృదయమును శ్రద్ధతో చదువనిదే నటన లేదన్న పాఠము, వేషము కట్టువారు స్త్రీలైనను పురుషులైనను, ఒక్కటే. స్థానంవారు మనకు విడిచిపోయిన ఆస్తి అది.