పాదవైద్యము: ఒక వృత్తి పూర్వచరిత్ర

దేహభారమునంతను జీవితాంతము మోయు పాదమును వైద్యశాస్త్రము చిరకాలము నిర్లక్ష్యము చేయుటయు, ఆ లోపమును తీర్చినవారు పండితులు గాక సంతలయందును వీథులయందును ఆనెకాయలు కోసి పొట్ట పోసికొను సామాన్యులగుటయు ఈ వృత్తిచరిత్రలో నన్నింటికంటె విచారము గొలుపు విషయము. రోగము ప్రాచీనమే, దానిని మాన్పు యత్నమును ప్రాచీనమే. ఈజిప్టునందలి సక్కారాలో క్రీస్తునకు రెండువేల యేండ్లకు పైగా పూర్వము నిర్మింపబడిన అంఖ్‌మహోరు సమాధి గోడలపై, ఒకని పాదములకు మరియొకడు పరిచర్య చేయు శిల్పము నేటికిని కానవచ్చుచున్నది. మన సుశ్రుతుడు ఆనెకాయను కదరమని పేర్కొని, దానిని శస్త్రముతో పెకలించి, కాగిన తైలముతో దహింపవలెనని విధించెను. శాస్త్రము గ్రంథములలో నుండగా ఆచరణము మాత్రము క్షురకుల చేతులలో నిలిచినది. పెండ్లిలో గోళ్లు తీయు పని మన యూళ్ళలో మంగలివారిదే; ఆ చేతి నైపుణ్యమునకు తగిన గౌరవమును సంఘ మేనాడును ఇచ్చియుండలేదు.

ఇంగ్లండులోను ఇదియే స్థితి. అయినను పందొమ్మిదవ శతాబ్దిలో లూయీ డర్లాకరు అను పాదచికిత్సకుడు రాజకుటుంబమునకు సేవచేయుచు, 1845లో ఆనెలను, గోళ్ల వ్యాధులను గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. కాలి మూడవ, నాలుగవ వ్రేళ్లకు వెనుకనుండు ఎముకల నడుమ నరము వాచి పుట్టించు తీవ్రమగు బాధను ఆయన అందు స్పష్టముగా వర్ణించెను. ముప్పది యేండ్ల పిమ్మట, 1876లో, ఫిలడెల్ఫియా నగర శస్త్రవైద్యుడు థామస్ మోర్టన్ ఆ బాధనే వర్ణింపగా, లోకము దానికి మోర్టన్ పేరే పెట్టినది. ఆనెలు కోయువాని పరిశీలనను వైద్యలోకము చెవిని పెట్టలేదనుటకు ఇంతకంటె నిదర్శనము వెదకనక్కరలేదు. అమెరికాలో ఇసాకర్ జకారీ అను పాదచికిత్సకుడు అబ్రహాం లింకన్ కాళ్లకు చికిత్సచేసి, 1862లో ఆయన స్వహస్తలిఖితమగు ప్రశంసాపత్రమును పొందెను. అంతర్యుద్ధకాలమున ఆ అధ్యక్షుడే యాతనిని రాజకీయ దౌత్యములకు సైతము నియోగించెను. వ్యక్తికి గౌరవము దక్కినను వృత్తికి దక్కలేదు.

వృత్తికి గౌరవము తెచ్చినది పాఠశాల. 1895లో న్యూయార్కు రాష్ట్రపు పాదచికిత్సకులు సంఘముగా నేర్పడిరి. అర్హులకు, అనర్హులకు భేదము తెలియవలెనన్న పరీక్ష యుండవలెను. పరీక్ష యుండవలెనన్న బోధన ముందుండవలెను. ఈ సత్యమును గ్రహించిన మారిస్ లెవీ పాదచికిత్సకుడు గాడు, వైద్యుడు. ఆ రాష్ట్రపు వైద్యపరీక్షా మండలికి కార్యదర్శిగా నుండినవాడు. తోడి వైద్యులు చిన్నచూపు చూచు పనికై 1911లో న్యూయార్కున ప్రథమ విద్యాలయమును నెలకొల్పుటకు ఆయన పూనుకొనుట సామాన్యమగు సాహసము గాదు. మరుసటి యేడు దేశవ్యాప్త సంఘము వెలసెను. 1913లో లండనునందు పేదలకై పాదచికిత్సాలయమును, 1919లో దాని కనుబంధముగా పాఠశాలయును తెరువబడెను.

నేడు అమెరికాలో ఈ వృత్తి నవలంబింపగోరు విద్యార్థి నాలుగేండ్లు కళాశాలలో జీవ, రసాయన, భౌతిక శాస్త్రములను చదివి, ప్రవేశపరీక్ష నెదుర్కొని, నాలుగేండ్లు పాదవైద్య విద్యాలయమునందు, పిదప మూడేండ్లు ఆసుపత్రి శిక్షణయందు గడుపవలెను. ప్రవేశమునకు పూర్వమే ఒక పాదవైద్యుని వెంట నుండి యాతని పని చూచియుండుట మేలని విద్యాలయములు చెప్పుచుండును. ఆ సలహా నాకెంతయో సమంజసముగా దోచుచున్నది. రోగి కన్నులు మూసికొనియుండగా, 10 గ్రాముల ఒత్తిడికి వంగు సన్నని నైలాను పోగును అరికాలిపై ఒక్కొక్కచోట ఆనించి, తాకినట్లు తెలిసినదాయని వైద్యుడడుగును. పోగు విల్లువలె వంగినను రోగి పలుకకుండిన, ఆచోట స్పర్శ నశించినదని అర్థము. ఆ మౌనమును వినుటకు పుస్తకము చాలదు.

ఆ మౌనముయొక్క అర్థమును లోకమునకు తెలిపినవారిలో నగ్రగణ్యుడు రాయలసీమవారికి చిరపరిచితమగు వేలూరునందు పనిచేసిన పాల్ బ్రాండు. తమిళదేశపు కొల్లిమలలలో 1914లో జన్మించి, లండనులో వైద్యము నభ్యసించి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన ఈ శస్త్రవైద్యుడు, కుష్ఠరోగుల వ్రేళ్లను వ్యాధియే తినివేయుచున్నదను నాటి విశ్వాసమును కాదని, నొప్పి తెలియకపోవుటచేత వారు గాయములనే గుర్తింపక నడచుచున్నారని నిరూపించెను. చెప్పులోని మేకు గ్రుచ్చుకొన్నను బాధ లేదు. బాధ లేనందున విశ్రాంతి లేదు. పుండు ఎముకదాక పోవును. అందుచేత శస్త్రచికిత్సతోబాటు మెత్తని రబ్బరు అడుగుగల చెప్పులును రోగికి ఔషధముతో సమానమని ఆయనయు సహచరులును భావించి, వానిని కుట్టించిరి. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్‌కు పోయిన పిమ్మట, ఈ జ్ఞానమే మధుమేహముచేత స్పర్శ కోల్పోయిన పాదములను రక్షించుటకు మార్గము చూపినది.

మన దేశమున పాదవైద్యమునకు అమెరికాయందువలె ప్రత్యేకమగు పట్టము వ్యాప్తిలో లేదు; శస్త్రవైద్యులును మధుమేహ నిపుణులును ఆ భారమును వహించుచున్నారు. ఇంటింట మధుమేహము వినవచ్చుచున్న ఈ కాలమున మన వైద్యకళాశాలలు పాదపరీక్షను ప్రతి విద్యార్థి చేతను స్వయముగా చేయించి నేర్పవలెను. ఈ వృత్తి నభిలషించు యువతీయువకులు సముద్రములు దాటు ప్రయత్నమునకు ముందు, తమ యూరి మధుమేహ చికిత్సాలయములో పుండ్లు కడిగి కట్టుకట్టు గదియందు, అనుమతి పొంది, కొన్ని దినములు నిలిచి చూడవలసినదిగా నా ప్రార్థన.