తేయాకు ప్రచారమును, ప్రజాభిరుచియును

నేడు భారతదేశమున పండుచున్న తేయాకులో సుమారు అయిదింట నాలుగు వంతులు ఈ దేశమునందే వినియోగ మగుచున్నది. వేకువజామున పొలమునకు బయలుదేరు కూలివాడు మొదలు కచేరీలోని ఉన్నతోద్యోగి వఱకు, టీ త్రాగనిదే దినచర్య ప్రారంభము కాదనువారు మనలో నెందఱో కలరు. ఇంత విస్తృతముగా వ్యాపించిన యలవాటు అనాదిసిద్ధమని తలంచుట సహజమే యైనను, మన ప్రాచీన కావ్యములలోని భోజన వర్ణనలయందు పాలు, పెరుగు, మజ్జిగ, పానకము కలవు గాని తేనీటి ప్రసక్తి కానరాదు. అస్సామునందలి సింగ్‌ఫో తెగవారికిని, కాశ్మీరవాసులకును ఆ పానీయము పూర్వమునుండియు పరిచితమే. తక్కిన దేశమున కది అపరిచితమై యుండెను. ఒక మహాజనసముదాయము యొక్క రుచిని, ఆతిథ్యమర్యాదను, తుదకు స్వదేశ భావమును సైతము వ్యాపార ప్రకటన యెంతవఱకు మార్పగలదో తెలిసికొనుటకు తేయాకు చరిత్రను మించిన నిదర్శనము మన దేశమున లేదని నా యభిప్రాయము.

1780వ సంవత్సరమున కలకత్తాలో హికీ దొర స్థాపించిన బెంగాల్ గెజెట్టు నాటినుండియు మన దేశపు పత్రికలలో ప్రకటనలు కలవు. అవి యానాడు ఆంగ్లేయుల నుద్దేశించి, వస్తువుల యమ్మకమును తెలుపుటకే పరిమితములై యుండెను. తెలుగువారిలో ఈ ప్రకటన విద్య నెఱిగి ప్రయోగించినవారిలో అగ్రగణ్యుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనమను తలనొప్పి మందును ప్రారంభించి, సంగీత సభలలో ఉచితముగా పంచిపెట్టి, 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించి, 1914లో దానిని మద్రాసున దినపత్రికగా నెలకొల్పెను. లోధ్ర యను స్త్రీల యౌషధముతో ప్రసిద్ధులైన కేసరిగారు 1928లో గృహలక్ష్మి మాసపత్రికను స్థాపించిరి. ఔషధమును పత్రికయు ఒకే చేతినుండి వెలువడిన యీ కాలమును తెలుగు ప్రకటనలకు ఉత్తమదశగా నేను గణింతును. ఏలయన, తలనొప్పి జనులకు ముందే యున్నది. ప్రకటన దానికి మందు చూపెనే గాని తలనొప్పిని కల్పింపలేదు.

తేయాకు విషయ మిందులకు పూర్తిగా భిన్నము. ఇచ్చట వస్తువు ముందు పుట్టినది. దాహము తరువాత పుట్టింపబడినది. 1823 ప్రాంతమున రాబర్టు బ్రూసు అను వర్తకునకు అస్సాములో తేయాకు మొక్క యొక్క యునికి తెలియగా, 1839లో అస్సాము తేయాకు లండనులో వేలమున కెక్కెను. నాటినుండి దట్టమైన యడవులను నఱికి, దూరప్రాంతములనుండి కూలీలను తరలించి, ఆంగ్లేయ కంపెనీలు పండించిన సరకు దాదాపు అంతయు విదేశములకే పోవుచుండెను. ఉత్పత్తి మితిమీరి ధర లెప్పుడు క్షీణించినను తోటల యజమానుల కీ దేశపు జనసంఖ్య కన్నుల యెదుట మెదలుచుండెను. తుదకు కర్జను ప్రభువు రాజప్రతినిధిగా నున్న 1903లో, యజమానుల కోరికమీదనే యెగుమతి యగు తేయాకుపై స్వల్పమైన సుంకమును విధించి, ఆ ధనమును ప్రచారమునకు వెచ్చించుటకై చట్టము చేయబడెను. ఏ యొక్క కంపెనీ గుర్తునో గాక, పానీయమునే ప్రచారము చేయుటకు ప్రభుత్వ శాసనబలముతో నొక నిధి యేర్పడుట గమనింపదగిన విశేషము.

ఆరంభమున ఫలితములు స్వల్పములు. రైల్వే జంక్షనులలో చిన్న వర్తకులకు కెటిళ్లును, కప్పులును, తేయాకు పొట్లములును సమకూర్చి అమ్మించిరి. మొదటి ప్రపంచయుద్ధకాలమున మిల్లులలోను, గనులలోను పనివారికి టీ యిప్పించుట లాభకరమని యజమానులకు నచ్చజెప్పిరి. అసలైన విజృంభణము 1930 తరువాతిది. ఆర్థికమాంద్యముచే ధరలు కూలి, 1933 నాటి అంతర్జాతీయ యొప్పందముచే ఎగుమతులకు పరిమితి యేర్పడగా, మిగిలిన సరకునకు స్వదేశమే శరణ్యమయ్యెను. అప్పుడు ప్రచారకులు పట్టణములలో వీథివీథికిని తిరిగి, గృహస్థుల యెదుటనే నీరు కాచి, ఆకు వేసి, పాలు, చక్కెర కలిపి త్రాగించిరి. ఘోషాస్త్రీల యిండ్లకు స్త్రీలనే పంపిరి. పేదవానికి భారము కాకుండ ఒక్క పైసకు లభించు పొట్లములను కట్టించిరి. తయారుచేయు పద్ధతిని చిత్రములతో దేశభాషలలో వ్రాయించి, ఎనామెలు రేకులపై రైలు స్టేషనులలో నిలిపిరి. అది మత్తుపదార్థము కాదనియు, అలసటను తీర్చి ఉల్లాసమును కలిగించుననియు బోధించిరి.

ఈ ప్రచారకుల సూక్ష్మదృష్టి యాశ్చర్యకరము. క్రొత్త వస్తువును జనులు నిరాకరించుట కేవలము ధరవలన గాదనియు, దానిని వాడుట చేతగాకపోవుటయు, ఇంటి పెద్దలు అంగీకరింపకుండుటయు, బంధువులలో చులకన యగుదుమను శంకయు కారణములనియు వారు గ్రహించిరి. అందుచే వస్తువును పొగడుట కంటె, దానిని వంటింటిలోనికి ప్రవేశపెట్టుటకే యెక్కువ శ్రమించిరి. అతిథి రాగానే మజ్జిగయో, మంచినీరో యిచ్చు గృహిణి టీ యిచ్చుటయే మర్యాద యని తలంచిననాడు ప్రచారకునికి ఆ యింట ఇక పని లేదు.

వ్యతిరేకత లేకపోలేదు. తోటలలోని కూలీల దుస్థితియు, యజమానులు పరదేశీయు లగుటయు జాతీయవాదులకు మనస్తాపమును కలిగించెను. రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్లచంద్ర రాయ్ తేనీటి సేవనమును తీవ్రముగా గర్హించెను. 1942లో ఆగాఖాన్ ప్రాసాదమున నిర్బంధములో నుండి ఆరోగ్యమును గూర్చి వ్రాసిన గ్రంథమున గాంధీమహాత్ముడు టీ, కాఫీ, కోకోలు దేహమునకు అవసరము కావని చెప్పెను. దక్షిణదేశమున నప్పటికే కాఫీ మధ్యతరగతి గృహములలో సింహాసన మధిష్ఠించి యుండుటచే టీకి మఱియొక ప్రతిఘటన యుండెను. అట్లయ్యు 1947లో అన్నదా మున్షీ యను చిత్రకారుడు తేయాకు ప్రచారసంస్థకై రాట్నమువద్ద కూర్చుండి నూలువడకు స్త్రీని, ఆమె చేరువ టీకప్పును చిత్రించి, టీ నూటికి నూఱుపాళ్లు స్వదేశీ యని చాటెను. ఆంగ్లేయ యజమానుల లాభమునకై మొదలిడిన ప్రచారము, గాంధీమహాత్ముని రాట్నము చెంతనే, ఆయన వలదన్న పానీయమును నిలిపినది. ప్రకటన యొక్క శక్తి యంతయు నాకు ఈ యొక్క చిత్రమునందే కనబడుచున్నది. అది వస్తువు గుణమును మార్చలేదు. వస్తువును జూచు కంటిని మార్చినది.

అయినను వినియోగదారుడు కేవలము మైనపుముద్ద వంటివాడు కాడు. ఆకును మితముగా వాడి, పాలును చక్కెరయు విస్తారముగా పోసి, అల్లము, ఏలకులు దంచివేసి, ప్రచారకులు నేర్పిన పద్ధతిని మన వర్తకులు తలక్రిందులు చేసిరి. ప్రచారసంస్థవారికి ఇది రుచింపలేదు. అయినను జనులకు రుచించినదే నిలిచినది. హైదరాబాదు హోటళ్ల ఇరానీ టీ, ఇరానునుండి వలసవచ్చినవారి వృత్తినైపుణ్యము వలన ప్రసిద్ధి కెక్కినది. తరువాత ఆకును నలిపి, చించి, చుట్టు సి.టి.సి. యంత్రముతో తయారైన పలుకు తేయాకు తక్కువ ఆకుతో ఎక్కువ చిక్కదన మిచ్చుచు, పాలు పోసిన టీకి తగినదై, ప్రకటనలు చేరలేని పల్లెలకు సైతము ప్రాకినది. ప్రకటన ద్వారము తెఱచినను, లోనికి వచ్చినదానిని తనకు నచ్చినట్లు దిద్దుకొన్నది జనసామాన్యమే.

1954లో ప్రభుత్వపు టీ బోర్డు ఏర్పడినది. క్రమముగా ప్రచార సాధనములును మారినవి. 1967లో వివిధభారతియందును, 1976లో దూరదర్శనమునందును వ్యాపార ప్రకటనలు ప్రవేశించిన పిమ్మట ప్రచారకుడు వీథులు తిరుగవలసిన యగత్యము తగ్గినది. మోసపుచ్చు ప్రకటనలకు మొదటిసారి పది లక్షల రూపాయల వఱకును, మరల చేసినచో ఏబది లక్షల వఱకును జరిమానా విధించు అధికారము 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వలన ఏర్పడినది. ఇది హర్షింపదగినదే. కాని అసత్యమును పట్టుకొను చట్టము, అసత్య మేమియు లేకుండనే అభిరుచిని మార్చు ప్రకటనను పట్టుకొనజాలదు. ఆ రెండవ దానిని పరిశీలించుట చరిత్రకారుని పని.

ఈ పరిశీలనకు కావలసిన సామగ్రి మన కన్నుల యెదుటనే నశించుచున్నది. పాత పత్రికలను బైండు చేయించునపుడు వ్యాసములను భద్రపఱచి, ప్రకటనలున్న పుటలను చింపివేయు అలవాటు పలు గ్రంథాలయములలో నుండెను. మన తాతల కోరికలును, భయములును, వారి యిండ్లలోని వస్తువులును ఆ పుటలలోనే యున్నవి. గ్రంథాలయాధికారులును, పాత పత్రికలు గల గృహస్థులును ఇకమీద ఒక్క ప్రకటన పుటనైనను పాఱవేయక, వ్యాసములతోపాటు దాచియుంచ వలసినదిగా ప్రార్థించుచున్నాను.