ముందు కాలు, ఆ తర్వాత చక్రం

చెప్పులు గట్టు మీదే వదిలెయ్యండి. ప్యాంటు మోకాలి పైకి మడుచుకుని కుడికాలు మడిలోకి దించండి. జూలై మొదటి వారం, పొద్దున్న ఆరు దాటింది. పైన నాలుగు వేళ్ల నీళ్లు, కింద అడుసు. కాలు దిగుతోంది, ఇంకా దిగుతోంది. పిక్క సగం మునిగాక వేళ్లకి గట్టిగా ఏదో తగిలి ఆగుతుంది.

"ఆగిందాండీ?" గట్టు మీంచి డ్రైవరు కేకేస్తాడు. "ఆగితే పర్లేదండి. ఆగకపోతే ఇప్పుడే చెప్పండి, బండి దింపను."

ద్రాక్షారామం ఊరు దాటి యానాం రోడ్డు వైపు పొలాల్లో ఉన్నారు మీరు. వెనక్కి తిరిగితే చెట్ల మీదుగా భీమేశ్వరస్వామి గుడి గోపురం. ఎదురుగా ఎక్కడ చూసినా నీళ్లు నిండిన మళ్లు, మధ్యలో పచ్చగా ఆకుమళ్లు. కాలువలు వదిలారు, తొలి పంట సార్వాకి దమ్ములు మొదలయ్యాయి, అంటే ఊడ్పులకి ముందు మడిని నీళ్లలో కలిపి అడుసు చెయ్యడం. ఈ నాలుగైదు వారాల్లో ఊళ్లో ఏ ఇద్దరు కలిసినా మాట ట్రాక్టరు దగ్గరికే వెళ్తుంది. ట్రాక్టరు దగ్గరికి వెళ్తే చక్రం దగ్గర ఆగుతుంది.

మీ వేళ్లకి తగిలిన ఆ గట్టి పొర తరాల పని. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి కాలువలు పారించాక ఈ నేలను ఏటా తడిపి, తొక్కి, కలుపుతూనే ఉన్నారు. మొదట దున్నపోతులు, నాగళ్లు, తర్వాత ట్రాక్టర్లు. ఎవరు తొక్కినా ఇంచుమించు అదే లోతు. అలా ఆరేడు అంగుళాల కింద మట్టి అణిగి అణిగి నేల కింద ఇంకో నేల తయారైంది. నీళ్లు చప్పున ఇంకిపోకుండా ఆపేది అదే, రెండు టన్నుల ట్రాక్టర్ని మోసేదీ అదే. పైనున్న అడుసు ఏ బరువూ మొయ్యదు. కాబట్టి ఇక్కడ చక్రానికున్న పని మెత్తటి పొరని చీల్చుకుని ఆ అడుగు నేలని అందుకోవడం. అందిందంటే బండి నడుస్తుంది.

అన్ని చేలకీ ఆ అడుగు ఉండదు. తుల్యభాగ డ్రైను వైపు పల్లపు చేలల్లో నీరు లాగదు. లోపలి మట్టి ఆరి గట్టిపడే వీలే దొరకదు. అక్కడ కాలు దించితే మోకాలు దాటాక కూడా ఇంకా దిగాలనే చూస్తుంది. ఆ సంగతి కాలు చెప్పినంత కచ్చితంగా ఏ కొట్టువాడూ చెప్పలేడు.

అయినా కొట్టుకి వెళ్లాల్సిందే. రామచంద్రపురంలో టైర్ల కొట్టు, లోపలికి అడుగు పెట్టగానే కొత్త రబ్బరు వాసన ముక్కుకి కొడుతుంది. గోడకి ఆనించి ట్రాక్టరు వెనక టైర్లు, ఒక్కోటి మీ ఛాతీ ఎత్తున. పక్కన రాసి ఉన్న అంకెలు చదవండి: 13.6-28. వెడల్పు పదమూడున్నర అంగుళాల పైచిలుకు, లోపల రిమ్ము 28 అంగుళాలు. నలభై హార్స్‌పవర్ బళ్లకి ఎక్కువగా ఎక్కేది ఇదే. కాస్త పెద్ద బండికి 14.9, ఇంకా పెద్దదానికి 16.9. ఎమ్మారెఫ్, అపోలో, సియట్, గుడ్‌ఇయర్, ఎవరి పేరు వారిదే గానీ మీరు చూడాల్సింది పేరు కాదు, గ్రిప్పు.

ఒక టైరు మీద వంగి రెండు గ్రిప్పుల మధ్య సందులో చెయ్యి పెట్టండి. సందు వెడల్పుగా ఉండి, అంచుల దగ్గర తెరుచుకుని ఉంటే చక్రం తిరిగినప్పుడు మట్టి పక్కలకి జారిపోతుంది. ఇరుకైతే మట్టి అక్కడే కూరుకుని, నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు నూనె రాసిన పీపాలా నున్నగా తయారవుతుంది. గ్రిప్పులు బాణం మొనలా ఒక వైపు చూస్తుంటాయి. ఆ మొన ముందుగా నేలని తాకాలి, అప్పుడే మట్టి బయటికి పోతుంది. బిగించేవాడు తొందరలో ఎడమది కుడికి వేశాడా, మట్టి మధ్యలోకి చేరుతుంది. టైరు పక్కన బాణం గుర్తు ముద్రించి ఉండేది అందుకే. బిగించాక ఒకసారి మీరే చూసుకోండి.

మామూలు టైరుని ఆర్-1 అంటారు. వరి, చెరకు చేల కోసమని ఆర్-2 అనే రకం ఉంది, గ్రిప్పు లోతు దాదాపు రెట్టింపు. వినగానే ఇంకేం, ఇదే మనది అనిపిస్తుంది. కొట్టాయన మాత్రం వెంటనే బిల్లు పుస్తకం తియ్యడు.

"ఏడాదిలో దమ్ము ఎన్నాళ్లండి మీకు?"

"సార్వాకి ఓ నెల, దాళ్వాకి ఓ నెల."

"మిగతా పది నెలలూ?"

ట్రక్కు తగిలించి ఇటుక, మట్టి, ధాన్యం బస్తాలు. కోటిపల్లి దాకా, కాకినాడ దాకా తారు రోడ్డు మీదే. లోతు గ్రిప్పు తారు మీద తొందరగా అరిగిపోతుంది, బండిని కుదుపుతుంది. రెండు నెలల బురద కోసం పది నెలల రోడ్డుని కాదనుకోవడం ఈ డెల్టాలో గిట్టే బేరం కాదు. అందుకే ఇక్కడ చాలామంది ఆర్-1 వేయించి, దమ్ముకి ఇనుము బిగిస్తారు. పాత టైరుకి కొత్త గ్రిప్పు అతికిన రీబటన్ టైర్లు చవకే. ట్రక్కు చక్రాలకి పర్వాలేదు గానీ, పాత ఒళ్లున్న టైరుని గాలి తగ్గించి బురదలో తిప్పడం నాకైతే నచ్చదు.

అక్కణ్నుంచి వెల్డింగు షెడ్డు. నిప్పురవ్వలు కాళ్ల మీద పడుతున్నాయి, ఓ అడుగు వెనక్కి జరగండి. నేల మీద పడుకోబెట్టి ఉన్నవి దమ్ము చక్రాలు: గుండ్రటి ఇనుప చట్రం, దాని చుట్టూ ఏటవాలుగా అతికిన పట్టీలు. రెండు రకాలు. ఒకటి టైరు ఉండగానే దాని పక్కన బిగించేది, వ్యాసం టైరు కన్నా కాస్త తక్కువ. గట్టి నేల మీద బరువు టైరే మోస్తుంది, అడుసులో దిగగానే ఇనుము పని అందుకుంటుంది. రెండోది టైరు పూర్తిగా విప్పేసి దాని స్థానంలో పెట్టే పెద్ద చక్రం. బాగా దిగబడే చేలకి అదే పట్టు ఇస్తుంది. కానీ ఒకసారి పెట్టాక బండి పొలం దాటి రాకూడదు. పట్టీల మధ్య దూరం చూడండి. దగ్గర దగ్గరగా ఉంటే మట్టి పట్టేస్తుంది, మరీ ఎడంగా ఉంటే ప్రతి పట్టీ దిగినప్పుడల్లా డ్రైవరు నడుముకి తెలుస్తుంది. ఏటవాలు కూడా అందుకే: ఒక పట్టీ పూర్తిగా లేవకముందే ఇంకోటి నేలని తాకుతుంది.

మళ్లీ చేలోకి రండి, బండి దిగుతోంది. డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద కూర్చుంటానని సరదా పడకండి. కాలు జారితే వెనకే రోటావేటరు, నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్టు దాన్ని తిప్పుతోంది. గట్టు మీద నిలబడే చూడండి. వెనక టైర్లలో వేసవి దుక్కికి బరువు కోసం నింపిన నీళ్లు మొన్ననే తీసేయించారు. అడుసులో ఆ బరువు లోతుకి లాగడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. గాలి పన్నెండు పౌండ్ల దగ్గర ఉంచారు. చిన్న గేరు. ఇనుప పట్టీలు నీళ్లని చప్పరిస్తూ దిగుతున్నాయి, లేస్తున్నాయి. నల్లటి మట్టి ముద్దలు ముద్దలుగా విరిగి, రెండో సాలుకి పేస్టులా మారుతోంది. కొంగలు బండి వెనకే నడుస్తున్నాయి, బురదలోంచి లేచే పురుగు కోసం. డీజిల్ పొగ, కుళ్లిన మోడుల వాసన కలిసి వస్తాయి. పగలంతా ఆ వాసన మీ చొక్కాని వదలదు.

మూల దగ్గరికొచ్చాక ఎలా తిప్పుతాడో చూడండి. మంచి డ్రైవరు ముందు రోటావేటరు ఎత్తి, వెడల్పుగా చుట్టి వస్తాడు. హడావిడి మనిషి ఒక వైపు బ్రేకు తొక్కి అక్కడికక్కడే తిప్పేస్తాడు. ఆ చక్రం చోటు కదలకుండా గొయ్యి తీస్తుంది. మర్నాడు ఊడ్పులకి దిగిన ఆడమనిషి ఆ గోతిలో మోకాలు దాకా కూరుకుంటుంది. అడుగు పొర కూడా ముందు చిల్లు పడేది ఆ మూలల్లోనే. యాభై అయిదు హార్స్‌పవర్ బండి కొన్నానని మీసం తిప్పే ప్రతివాడికీ ఆ మూలలు చూపించాలనిపిస్తుంది నాకు. బరువైన బండి పని తొందరగా తెముల్చుతుంది. తనని మోసే నేలనీ అంతే తొందరగా పాడుచేస్తుంది.

ఉన్నట్టుండి ఇంజను గొంతు మారింది. బండి ముందుకు పోవడం లేదు, చక్రాలు మాత్రం తిరుగుతున్నాయి. డ్రైవరు వెంటనే క్లచ్చు తొక్కాడు. ఇంకో అరనిమిషం యాక్సిలరేటరు ఇచ్చి ఉంటే బండి పొట్ట అడుసు మీద కూర్చునేది. ఆ తర్వాత ఎంత మంచి చక్రమైనా గాల్లో తిరిగినట్టే. గట్టు మీంచి ఎవరో "దుంగ కట్టి లాగించరా" అంటున్నారు. వినకండి. వెనక చక్రాలకి దుంగ కట్టి ముందుకి తోలితే చక్రం తిరగలేక ఆగిపోతుంది, ఆ బలానికి బండి ముందుభాగమే పైకి లేస్తుంది. వెనక్కి తిరగబడితే డ్రైవరు స్టీరింగుకి, బురదకి మధ్య ఉంటాడు. రివర్సులో వచ్చిన దారినే మెల్లగా రావాలి. రాకపోతే రెండో బండి, గొలుసు. ఇతను రివర్సులో వచ్చేశాడు.

టీ వేళకి డ్రైవరు కొడుకు ఫోను చూపిస్తాడు. ఆరు చక్రాల బండి ఒకటి బురదలోంచి చెరువులోకి దిగి, అలాగే తేలుతూ అవతలి ఒడ్డు ఎక్కుతోంది. కెనడాలోని ఒంటారియోలో 1967 నుంచి చేస్తున్న ఆర్గో అలాంటిదే. బొద్దు టైర్లు, వాటిలో రెండు మూడు పౌండ్ల గాలి. నీళ్లలో ఆ టైర్ల గ్రిప్పులే తెడ్లు. మలుపుకి ముందు చక్రాలు తిరగవు, ఒక వైపు చక్రాల్ని ఆపితే బండే తిరుగుతుంది. మన సైన్యం తీసుకున్న ఆటార్‌కి ఉన్నవి నాలుగే చక్రాలు గానీ పద్ధతి అదే. 2025 పంజాబ్ వరదల్లో మనుషుల్ని మోసుకొచ్చింది.

"నాన్నా, ఇలాంటిది కొంటే దిగబడే గొడవే ఉండదు."

తండ్రి గ్లాసు దించకుండానే చూశాడు. "బానే ఉందిరా. దమ్ము చేస్తాదా అది?"

చెయ్యదు. ఆ బండి బురద మీంచి దాటిపోవడానికి పుట్టింది. బరువుని ఆరు చోట్లకి పంచి, మట్టిని కదపకుండా పైపైన పోతుంది. దమ్ముకి మట్టిని కదపడమే పని. అలా పైపైన పోయే పద్ధతి ఇక్కడ పనికొచ్చేది కోతలప్పుడే. నవంబరులో తుపాను పట్టి చేలు ఆరకపోతే టైర్ల కోత మిషను గట్టు దిగదు, చైన్ మిషను దిగుతుంది. దాని రబ్బరు పట్టా నేల మీద వేసే ఒత్తిడి నడిచే మనిషి పాదం వేసేదాని కన్నా తక్కువ. గంటకి బాడుగ ఎక్కువైనా ఆ వారం అందరూ దాని వెనకే తిరుగుతారు. అదే మడిలో జూలైలో దిగే చక్రం, నవంబరులో తేలే చక్రం.

పదకొండైంది. ఈ చేను అయిపోయింది, తర్వాతిది రోడ్డుకి అవతల. స్పానరు తీసి డ్రైవరు ఇనుప చక్రాల బోల్టులు విప్పుతున్నాడు. సాయం పట్టండి, ఒక్కడు ఎత్తేది కాదు. విప్పకుండా రోడ్డెక్కితే సిమెంటు రోడ్డు మీద పట్టీల గాట్లు పడతాయి, పట్టుబడితే జరిమానా. అయినా తెల్లవారుజామున ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉంటారు, ఊరి రోడ్లు చూస్తే తెలుస్తుంది. వెనక ఇరుసు దగ్గర ఆయిల్ సీలు చుట్టూ బురదని నీళ్లతో కడిగి, వేలితో తడిమి చూశాడు. సీలు పోతే బురద లోపలికి వెళ్తుంది, ఆ ఖర్చు ఈ సీజను సంపాదన మింగేస్తుంది.

"రేపు డ్రైను పక్క అరెకరం ఉందండి," అంటారు చేను గలాయన.

"కాలు దించి చూశారాండీ?"

"మోకాలు దాటింది."

"అయితే నా బండి వద్దండి. పెద్ద చక్రాలేసినా అందుకోడానికి అక్కడ అడుగు లేదు. పవర్ టిల్లరు చెప్పండి, ఇనుప చక్రాలతో. బరువు తక్కువ, దిగినా ఇద్దరు కలిసి లాగెయ్యొచ్చు."

"టిల్లరు వాడు పొద్దుటికి వస్తాడా?"

"ఆయ్, వస్తాడండి. డీజిల్ మీదా, ఆడిదా అన్నది మాత్రం ఈ రాత్రే తేల్చుకోండి."