నదుల చరిత్ర వ్రాయుట యెట్లు?

నగరచరిత్రలు వ్రాయువారు రాజుల పట్టాభిషేకములను, కోటలను, మేడలను వర్ణించి తృప్తి నొందుట పరిపాటి. ఆ మేడలకు నీరిచ్చిన చెరువుల ప్రసక్తి వారి గ్రంథములలో అరుదు. 1949లో సురవరము ప్రతాపరెడ్డిగారు "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"ను వెలువరించి, ప్రజల తిండియు, బట్టయు, ఆటపాటలును చరిత్రయే యని తెలుగువారికి జూపిరి. ఆ మార్గమున ఇంకొక యడుగు వేయవలసి యున్నది. నేల, నీరు, చెట్టు అను వీని చరిత్రను కథవలె చదివించునట్లును, శాస్త్రమువలె నమ్మదగినట్లును వ్రాయుట యెట్లో ఇచ్చట విచారింతము.

ఉదాహరణకై దూరము పోనక్కరలేదు. మా కాచిగూడకు సమీపమున పారు మూసీనదినే తీసికొందము. 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన వఱదలో పదునైదువేలమంది మరణించిరని ప్రసిద్ధి. చాదర్‌ఘాట్ వంతెనయు, మఱి రెండును కొట్టుకొనిపోగా, 1578 నాటి పురానాపూల్ నిలిచినది. ఇంతమాత్రము వ్రాసి విడిచినచో, నది కోపించెను, జనులు మడిసిరి అని చదువరి నిట్టూర్చి పుట త్రిప్పును. అది వార్తయే గాని చరిత్ర గాదు.

ఏల జరిగెనని యడిగిననాడు చరిత్ర మొదలగును. 1909లో నిజాము ప్రభుత్వము రప్పించిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు ఈ ప్రశ్ననే వేసికొనిరి. నగరమున కెగువ పరీవాహకప్రదేశమున 788 చెరువు లుండగా, వానిలో 221 తెగినవని లెక్క తేలినది. పై చెరువు తెగిన నీరు క్రింది చెరువుపై బడెను. అదియు తెగి, దాని క్రిందిదానిపై బడెను. కఱవునాడు ఊళ్లను బ్రతికించిన గొలుసుకట్టు చెరువులే ఆ రాత్రి నగరమునకు మృత్యువైనవి. ఈ కారణపరంపరలో అంకెలును గలవు, కథయును గలదు. దాని ఫలముగా 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు సిద్ధమైనవి.

అయినను అంకెలకు కన్నీరు లేదు. ఆ వఱదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొన్న ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ తన దుఃఖమును కావ్యముగా వ్రాసెను. ఇంజనీరు లెక్కలో ఆ తల్లి కానరాదు; కవి విలాపములో తెగిన కట్ట కానరాదు. చరిత్రకారుడు ఇరువురిని ఒక్కచోట కూర్చుండబెట్టవలెను. మూడవ సాక్షి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు. నూటయేబదిమంది దాని కొమ్మలెక్కి ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. ప్రసిద్ధి వేఱు, తేలిన లెక్క వేఱు. రెండింటిని చదువరికి వేఱువేఱుగా జూపవలెను. చెట్టుపైనున్నవారు ఆ రాత్రి ఏమి మాటలాడుకొనిరో మన మెఱుగము గావున, వారినోట మాటలు కల్పించరాదు. 1962లో అమెరికా శాస్త్రజ్ఞురాలు రేచెల్ కార్సన్ పురుగుమందుల కీడునుగూర్చి గ్రంథము వ్రాసినప్పుడు, కల్పితమైన యొక యూరి కథతో మొదలిడి, అట్టి యూరు లేదని వెంటనే తానే చెప్పెను. కల్పనను కల్పన యని చెప్పుటవలన ఆమె మాటకు బలము తఱుగలేదు. 1972లో ఆ దేశమున డి.డి.టి. వాడుక చాలవఱకు నిషేధింపబడినది.

ఇట్టి రచనలతో మన కేమి పని యని కొంద ఱడుగవచ్చును. చిక్కడపల్లి గ్రంథాలయమున ఉద్యోగపరీక్షలకై చదువు యువకులకు 1908 అను సంవత్సరము కంఠస్థమే. కాని ఆ చేరువనే అశోక్‌నగరు మీదుగా పోవు నాలా హుస్సేన్‌సాగరు మిగులునీటిని మూసీకి చేర్చు త్రోవ యని వారిలో నెంద ఱెఱుగుదురు? 2000 ఆగస్టు 24న ఒక్కదినమున దాదాపు 24 సెంటీమీటర్ల వాన కురియగా, ఆ నాలా ప్రక్కనున్న యిండ్లు మునిగినవి. నీటిత్రోవ ఎచ్చటనో ఎఱుగనివారు దానిపై గోడ కట్టుదురు. ఎఱిగియు కట్టువారిని అడ్డగించుటకు ఎఱిగిన పొరుగువారు లేకపోవుదురు.

ఇంటింట ఈ పని సాధ్యమే. మీ వీధిలో పూర్వము బావి యెచ్చట నుండెనో, వాననీరు ఏ దిక్కునకు పాఱెడిదో వృద్ధులను, ముఖ్యముగా నీరు మోసిన స్త్రీలను, అడిగి, చెప్పినవారి పేరును, సంవత్సరమును చేర్చి వ్రాసి యుంచుడు. తరువాత ఆ స్థలమునకు పోయి, వారు చెప్పినదానిని నేలతో సరిచూడుడు. రేపు ఆ వీధిలో ఇల్లు కట్టదలచువానికి ఆ కాగితము మొదట చూపవలసిన పత్రమగును.