వాన కాలువలో దిగిన మనిషిది ఏ లెక్క?

హైదరాబాదు చరిత్ర రాసినవాళ్లంతా 1908 సెప్టెంబర్ 28 దగ్గర ఆగుతారు. మూసీ పొంగింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఆ తర్వాత కథంతా కట్టడాలది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి డ్రైనేజీ పథకం కూడా ఆయన పనిలో భాగమే. ఈ కథలో నవాబున్నాడు, ఇంజనీరున్నాడు, జనం ఎక్కి ప్రాణాలు కాపాడుకున్న చింతచెట్టు కూడా ఉంది. కాలువల్లో పూడికెత్తిన చేతులు మాత్రం లేవు. ఆ చేతుల వైపు నుంచి వాన కాలువ కథను చూడాలన్నదే మా ప్రయత్నం.

కాగితం మీద కాలువలు రెండు రకాలు. మురుగు పైపు భూమి కిందుగా శుద్ధి కేంద్రానికి పోవాలి. వాన కాలువ నేరుగా చెరువుకో, నదికో పోతుంది. మధ్యలో ఏ శుద్ధీ లేదు. వాన నీళ్లకు శుద్ధి ఎందుకులే అన్నది లెక్క. వీధిలో చూస్తే ఈ రెండూ ఒకటే. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా 1562 నాటి హుసేన్‌సాగర్‌లోకి మోసుకొచ్చింది వాన నీళ్లనేనా? ఇళ్ల మురుగు, ఫ్యాక్టరీల రసాయనాలు అన్నీ అందులోనే వచ్చాయి. మిగిలిపోయిన పెయింటు, బండి ఇంజన్ ఆయిలు, పగిలిన సీసాలు, పిల్లల డైపర్లు నాలాలో పారేసి "వానొస్తే కొట్టుకపోతయ్ లే" అంటారు. కొట్టుకుపోవు. కల్వర్టు కింద అడ్డంపడతాయి. 2000 ఆగస్టులో, 2020 అక్టోబర్‌లో నగరం మునిగినప్పుడు నాలాల కబ్జా గురించి, పూడిక గురించి చాలా మాట్లాడారు. ఆ పూడికను ఎత్తేవాళ్లెవరు అన్న ప్రశ్న మాత్రం వెనకే ఉండిపోయింది.

ఎవరంటే, ఊరినిబట్టి పేరు మారుతుంది. హైదరాబాదులో మెహతర్, ఉత్తర కోస్తాలో రెల్లి, చాలాచోట్ల మాదిగ. వానాకాలం ముందు కాంట్రాక్టరు పిలుస్తాడు. యంత్రం పట్టని ఇరుకు సందులో మనిషే దిగుతాడు. నల్లటి బురద గట్టున పోస్తారు. దాన్ని వెంటనే ఎత్తకపోతే మొదటి వానకే సగం మళ్లీ నాలాలో పడుతుంది. చేసిన పనే మళ్లీ చేయాలి.

ఇక చట్టం సంగతి. 1993 చట్టం కావాలని తీర్మానం చేసిన 6 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అది అమల్లోకి వచ్చింది 1997 జనవరి 26న. దాని చూపంతా పొడి పాయిఖానాల మీదే. సఫాయి కర్మచారి ఆందోళన్ పోరాటం తర్వాత 2013లో వచ్చిన చట్టం మురుగు పైపుల్నీ, సెప్టిక్ ట్యాంకుల్నీ చేర్చుకుంది. అయితే అందులో 'సీవర్' అంటే భూమి కింది పైపు. తెరిచివున్న నాలా సీవర్ కాదు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు 1993 నుంచి జరిగిన సీవర్ చావులకు 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. మరి అదే మురుగు, అదే విషవాయువు ఉన్న నాలాలో చనిపోతే?

అదే 2013 చట్టాన్ని ఇంకోవైపు నుంచి చదవాలి. మనుషుల మలం తెరిచివున్న కాలువలోకి పోయి, అది కుళ్లి మట్టికాకముందే ఎవరో చేతులతో ఎత్తాల్సివస్తే, ఆ పాయిఖానా 'అపరిశుభ్ర పాయిఖానా'. ఎత్తే మనిషి మాన్యువల్ స్కావెంజర్. అంటే పాలరాయి పరిచి, ఫ్లష్ పెట్టి, పైపును మాత్రం వాన కాలువలోకి వదిలిన మేడ కూడా ఈ నిర్వచనం కిందికే వస్తుంది. దాన్ని సొంత ఖర్చుతో మార్చుకోవాల్సింది ఆ ఇంట్లో ఉండేవాళ్లే. సర్వే చేసేవాళ్లు గంప కోసం, పొడి పాయిఖానా కోసం వెతికితే ఆ మేడ ఎలా కనిపిస్తుంది?

చెత్తదీ ఇదే కథ. తడి, పొడి, ప్రమాదకర చెత్తల్ని ఇంట్లోనే వేరు చేయాలనీ, ప్యాడ్లు, డైపర్లు చుట్టి ఇవ్వాలనీ, కాలువలో ఏదీ పారేయకూడదనీ 2016 నిబంధనలు చెప్పాయి. మంచి మాటలే. కానీ వీటిని పరిశుభ్రత పాఠంగానే చెబుతారు. 2014 అక్టోబర్‌లో స్వచ్ఛభారత్ మొదలైనప్పుడు చీపుర్లతో ఫొటోలు దిగినవాళ్లలో ఎంతమందికి అదే ఏడాది మార్చిలో వచ్చిన తీర్పు గుర్తుంది? ఈ పనిని సేవ అని పొగడటాన్ని అంబేద్కర్ 1945లోనే ఎండగట్టాడు. గాజుపెంకును కాగితంలో చుట్టకుండా వేస్తే తెగేది వేరుచేసే మనిషి వేలు. పాత బ్యాటరీ నాలాలో వేస్తే దాన్ని తడిమి తీసేదీ మనిషి చెయ్యే.

విద్యార్థి మిత్రులు తమ వీధిలో ఒక పని చేయవచ్చు. వాన పడని రోజున నాలా దగ్గర నిలబడి చూడండి. వాన లేకుండానే నీళ్లు పారుతుంటే అవి ఏ ఇళ్లనుంచి వస్తున్నాయో పైపు పైపుకూ రాసుకోండి. ఆ నాలాలో ఎవరు దిగుతున్నారో, కూలి ఎంతో, బూట్లు ఇచ్చారో లేదో అడిగి పక్కనే రాయండి. మున్సిపాలిటీకి ఇచ్చే దరఖాస్తులో ఈ రెండు జాబితాలూ ఒకే కాగితం మీద ఉండాలి.