పట్నం మురుగు, పల్లె చెరువు



ఇల్లు ఊడ్చిన చెత్తను కన్నడంలో ‘కస’ అంటారు. మనం ‘కసువు’ అంటాం. కోలారు జిల్లా పల్లెల్లో ఈ రెండు మాటలూ ఒకే వాకిట్లో వినిపిస్తాయి. ఆ కసువు, పేడ, పొయ్యిలో బూడిద, పశువులు తినగా మిగిలిన గడ్డి అన్నీ ఊరి పక్క దిబ్బకు చేరేవి. దిబ్బ మీద వేసింది ఏదీ వృథాగా పోదని, ఏడాది తిరిగేసరికి ఎరువై చేనికి వస్తుందని మన పెద్దలకు తెలుసు. వేసవిలో చెరువు ఎండితే అడుగున ఉన్న ఒండుమట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలేవాళ్లు. పొలానికి సత్తువ వచ్చేది, చెరువుకు లోతు దక్కేది. చెత్తను తిరిగి వాడుకోవడం మనకు కొత్త చదువేమీ కాదు.

ఆ ఏర్పాటు అంతకాలం ఎందుకు నిలిచిందో ఒక్కసారి ఆలోచించండి. దిబ్బ ఎవరిదో అందరికీ తెలుసు. అందులో ఏం పడిందో తెలుసు. చెరువు తూము ఎత్తడానికీ, దించడానికీ నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి ఎంత నీరు వదలాలో ఆయన చూసుకునేవాడు. మన వైపు ఆ పని ఎక్కువగా దళిత కుటుంబాల చేతుల్లో ఉండేది. నీటి లెక్క వాళ్లదైనా మడి మాత్రం వేరేవాళ్లది. ఆ అన్యాయాన్ని మరచిపోకూడదు. అయినా నీళ్ల గురించి అడగాలంటే ఊళ్లోనే ఒక మనిషి ఉన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మన జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. వేల చెరువులే మన నదులు. బోరుబావులు వచ్చాక చెరువు మీద శ్రద్ధ తగ్గింది. కాలువలు పూడిపోయాయి, కట్టల మీద తుమ్మలు మొలిచాయి. బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగినా చాలాచోట్ల దుమ్మే వచ్చింది. నీళ్లు పడినచోట ఫ్లోరైడు ఎక్కువై పళ్లు గారపట్టాయి, కీళ్లు బిగిశాయి. శాశ్వత నీటి వసతి కావాలని ఏళ్ల తరబడి ఉద్యమం నడిచింది. 2016 మార్చిలో రైతులు ట్రాక్టర్లు కట్టుకొని బెంగళూరుకు బయలుదేరారు.

ఆ ఏడాదే ప్రభుత్వం కోరమంగల–చల్లఘట్ట లోయ పథకానికి నరసాపురలో శంకుస్థాపన చేసింది. జనం దీన్ని కె.సి. వ్యాలీ అంటారు. బెంగళూరు ఇళ్లలో వాడి వదిలిన నీటిని శుద్ధి చేసి, గొట్టాల ద్వారా ఇక్కడి 126 చెరువులకు పంపాలన్నది ఆలోచన. రోజుకు 44 కోట్ల లీటర్లు. ఆ నీటిని నేరుగా తోడుకోకూడదు. చెరువులో నిలిచి, భూమిలోకి ఇంకి, బోర్లకు ఊట కావాలి. 2018 జూన్‌లో మొదటి నీళ్లు లక్ష్మీసాగర చెరువుకు చేరాయి.

అప్పుడు నేను తరగతిలో పిల్లలకు ఒక పని చెప్పాను. ఈ నీళ్ల గురించి ఇంట్లో పెద్దలు ఏమంటున్నారో అడిగి, తెలుగులోగానీ కన్నడంలోగానీ రాసుకు రమ్మన్నాను. ఒక టమాటా రైతు, ‘మూడు బోర్లు వేసి అప్పులపాలయ్యాను. మురుగో, తేటో, ముందు చెరువు తడవనీ’ అన్నాడట. పాడి ఆవులున్న ఒక తల్లి, ‘పశువుకు చదువు రాదు, బోర్డు చూసి తాగడం మానదు కదా’ అందట. ఒక ముసలమ్మ, ‘గంగమ్మకు పూజ చేసే చెరువులో పట్నంవాళ్ల కక్కసు నీళ్లా?’ అని కంటతడి పెట్టిందట. ఒక తాత మాత్రం, ‘దిబ్బ ఎరువు చల్లిన చేతులే కదా మనవి! బాగా మాగిందా లేదా, అదొక్కటి చెప్పమను’ అన్నాడట.

ఆ నాలుగు మాటల్లోనూ నిజం ఉంది. తాత మాట మాత్రం అసలు ప్రశ్నను పట్టుకుంది.

మురుగును మాగపెట్టడంలో మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టులో చెత్తను వడకట్టి, మడ్డిని అడుగుకు దించుతారు. రెండో మెట్టులో గాలి పంపి, సూక్ష్మజీవుల చేత మలినాన్ని తినిపిస్తారు. మూడో మెట్టులో మిగిలిన పోషకాలనూ రోగక్రిములనూ తొలగిస్తారు. మన చెరువులకు వచ్చింది రెండు మెట్లు ఎక్కిన నీరు. సబ్బుపొడుల శేషం మిగిలితే నురగ వస్తుంది. కార్ఖానాల నుంచి లోహాలు కలిస్తే రెండో మెట్టు వాటిని పూర్తిగా ఆపలేదు.

సరిగ్గా ఆ భయమే కళ్లెదుట కనిపించింది. 2018 జూలైలో లక్ష్మీసాగర చెరువులో తెల్లని నురగ తేలింది. రైతు నాయకులు కోర్టుకెక్కారు. హైకోర్టు నీళ్లు ఆపించింది, కొన్ని నెలలకు అనుమతించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ ఆపింది, ఆ ఏడాదే మళ్లీ వదలమంది. ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. బెంగళూరు తన చెత్తను మండూరు పక్కన గుట్టలుగా పోస్తే, ఆ ఊరివాళ్లు ఏళ్లపాటు కంపు భరించి, 2014లో వీధికెక్కి పోరాడాకే లారీలు ఆగాయి. పట్నం పంపేది ఏదైనా పల్లె రెండుసార్లు వాసన చూడటం అక్కడే నేర్చుకుంది.

తరువాతి ఏళ్లలో నిండిన చెరువుల చుట్టుపక్కల ఎండిన బోర్లలో ఊట వచ్చింది. భూగర్భ జలం పైకి వచ్చినట్టు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులూ గమనించారు. బీడు పడిన చేలు పచ్చబడ్డాయి. ఇది కాదనలేని మేలు. నీళ్లను మూడో మెట్టు కూడా ఎక్కించి పంపాలన్న కోరిక మాత్రం ఆగలేదు. దాన్ని కృతఘ్నత అనుకోవడం పొరపాటు. మేలు పొందినవాడికీ ప్రశ్నించే హక్కు ఉంటుంది.

నాకు తోచింది చెబుతాను. కోలారు జనం మురుగు వద్దనీ అనలేదు, కళ్లు మూసుకొని కావాలనీ అనలేదు. నీరుగంటి ఎక్కడ అని అడిగారు. నలభై యాభై మైళ్ల అవతల ఎవరో వదిలే నీటికి ఈ ఊళ్లో జవాబుదారీ ఎవరు? నీటి పరీక్ష ఫలితం ఆఫీసు బీరువాలో ఉంటే ఆ పాడి తల్లికి ఏం ప్రయోజనం? చెరువు కట్ట మీద, పంచాయతీ గోడ మీద, కన్నడంలోనూ తెలుగులోనూ నెలనెలా రాసిపెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? పరీక్ష చేయడం మన హైస్కూలు పిల్లలకు నేర్పితే, కొత్త నీరుగంటులు మన ఇళ్లలోంచే వస్తారు.

ఇది కోలారుతో ముగిసే సంగతీ కాదు. పాలారు మన జిల్లా దాటి కుప్పం మీదుగా వాణియంబాడి వైపు సాగుతుంది. నీటికి పొలిమేర రాళ్లు అడ్డం కావు, భాషా అడ్డం కాదు. ఈ ప్రసంగం వింటున్న మీ ఊరికీ రేపో మాపో ఇలాంటి గొట్టం రావచ్చు. వచ్చిన రోజున తగాదాకు ముందు ఆ తాత ప్రశ్న అడగండి: ‘బాగా మాగిందా లేదా?’ జవాబు కాగితం మీద, మీకు చదవవచ్చిన అక్షరాల్లో ఇమ్మనండి.