పాండవ గుళ్ళు

పాండవ గుళ్ళలో దేవుడుండడు. పాండవులకూ వాటికీ సంబంధం లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాల గుట్టల మీద నాలుగు బండలు నిలబెట్టి, పైన ఒక కప్పుబండ వేసిన రాతి గదులకు జనం పెట్టుకున్న పేరిది. కొందరు రాక్షస గుళ్ళంటారు. పురావస్తు శాఖవారి లెక్కలో ఇవి బృహత్ శిలాయుగపు సమాధులు. క్రీ.పూ. 1000 ప్రాంతం నుంచి శతాబ్దాల పాటు దక్షిణాదిన వీటిని కట్టారు. తంబళ్ళపల్లె దగ్గరి మల్లయ్యకొండ మీద ఇవి కనిపిస్తాయి.

వంగి చూస్తే పనితనం తెలుస్తుంది. నాలుగు పలకలనూ స్వస్తిక్ వాటంలో, ఒకదాని అంచు పక్కదాన్ని దాటేలా నిలిపారు. బయటి మట్టి ఎంత నెట్టినా పలక లోపలికి ఒరగదు. సున్నం లేదు, మేకు లేదు. ఒక పలకకు మాత్రం గుండ్రటి కంత ఉంటుంది, మనిషి భుజాలు కష్టం మీద పట్టేంత.

కథలకు ఆ కంతే మూలం. కప్పుబండ బరువు చూస్తే ఇది భీముడి పనే అనిపిస్తుంది. కంత చూస్తే మరుగుజ్జుల ఇల్లనిపిస్తుంది! కర్ణాటకలోని హిరేబెణకల్‌లో రెండో కథే నిలిచింది. అక్కడ మోర్యులనే పొట్టివాళ్ళు కట్టుకున్నారనీ, నిప్పులవానకు మాడిపోయారనీ చెబుతారు. ఐర్లండ్‌లో ఇలాంటివే డయర్ముడ్, గ్రానియా అనే ప్రేమికులు పారిపోతూ రాత్రికొకచోట తలదాచుకున్న పడకలు. వనవాసులైనా, పారిపోయినవాళ్ళయినా ఊరూరికీ ఒక గూడు ఎందుకుందో చెప్పడానికి తిరుగాడేవాళ్ళే పనికొస్తారు మరి.

1823లో అచ్చయిన, బాబింగ్టన్ అనే ఆంగ్లేయుడి మలబారు వ్యాసం కూడా అక్కడి సమాధులను పాండవుల పేరుతోనే పిలిచింది. 1852లో న్యూబోల్డ్ అనే మరో ఆంగ్లేయుడు చిత్తూరు దగ్గరి ‘పాండువరం దేవళ్’ గురించి రాశాడు. అక్కడ బయటపడినవి కాళ్ళున్న మట్టి తొట్లు, ఎముకలు, ఇనుప సామాన్లు. ఇలాంటి తొట్టే జంతువు ఆకారంలో కడప జిల్లా శంఖవరంలో దొరికింది. 1882లో సీవెల్ వేసిన పురాతన అవశేషాల జాబితాలో పలమనేరు తాలూకా బాపనత్తం సమాధులూ చేరాయి.

ఈ సమాధుల్లో దొరికే ఇనుము కథ ఇంకా పాతది. కుప్పం పొలిమేర దాటితే కృష్ణగిరి జిల్లా. అక్కడి మయిలాడుంపారైలో దొరికిన ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించడంతో ఈ చుట్టుపక్కల ఇనుము కథే వెయ్యేళ్ళు వెనక్కి జరిగింది.

నాగార్జునకొండలో 1954–60 తవ్వకాల్లో బయటపడిన ఇదే యుగపు ఒక రాతి సమాధిని నాగార్జునసాగర్ ఆనకట్ట నీళ్ళు రాకముందే విప్పి, కొండ మీద తిరిగి పేర్చారు. ఇప్పుడా కొండ ద్వీపం. పడవెక్కి వెళ్ళి చూడాలి. చిత్తూరు గుట్టలకు ముంపు రాలేదు గానీ బండలకు గిరాకీ వచ్చింది. గుప్తనిధులంటూ తవ్వినవాళ్ళకు దొరికేవి మాత్రం నలుపు, ఎరుపు కుండపెంకులే.